వింత వార్త కాదు, పసుపు రైతు అర్జీ

ఒక్క సీటుకు 185 మంది అభ్యర్థులు. ప్రధానిపై పోటీకి కాశీ రైలెక్కిన రైతులు. పసుపు బోర్డు కోసం పన్నెండేళ్లు చెప్పుల్లేకుండా తిరిగిన మనిషి. పత్రికల్లో ఇవన్నీ వింత వార్తలుగానే అచ్చయ్యాయి. మెట్‌పల్లి నుంచి ఆర్మూరు దాకా ఉన్న పసుపు నేలలో మాత్రం ఏ ఒక్కటీ వింత కాదు.

2019 ఏప్రిల్ 11. పొద్దున్నుంచే ఎండ చురుక్కుమంటోంది. మెట్‌పల్లిలో ఓ పోలింగ్ కేంద్రం. వేలికి సిరా పెట్టించుకున్న ఓటరు అట్ట అడ్డం వెనక్కి వెళ్లాడు. వెళ్లినవాడు ఎంతకీ బయటికి రాడు. ఎదురుగా ఒకటి కాదు, రెండు కాదు, పన్నెండు బ్యాలెట్ యూనిట్లు వరసగా పేర్చి ఉన్నాయి. ఒక్కోదాని మీద పదహారు దాకా పేర్లు, అన్నే గుర్తులు, అన్నే నీలం మీటలు. మొదటి యూనిట్‌లో తెలిసిన పార్టీల గుర్తులు కనిపిస్తాయి. అక్కణ్నుంచి చివరిదాకా దాదాపు అన్నీ ఇండిపెండెంట్ల పేర్లే, అందులో ఎక్కువ మంది రైతులు. కళ్లజోడు సర్దుకుని ఒక్కో పేరూ వేలితో తడుముకుంటూ పోతే, నోటా మీట పన్నెండో యూనిట్‌లో దొరుకుతుంది.

దేశంలో ఆ రోజు ఇంకెక్కడా ఇలాంటి ఓటింగ్ జరగలేదు. మిగతా తెలంగాణలో పోలింగ్ ఉదయం ఏడింటికే మొదలైతే, నిజామాబాద్ లోక్‌సభ స్థానంలో ఎనిమిదింటి నుంచి సాయంత్రం ఆరు దాకా పెట్టారు. ఇన్ని యంత్రాలు కలిపి, సరిచూసి, నమూనా పోలింగ్ జరపడానికి సిబ్బందికి సమయం కావాలి కదా. మెట్‌పల్లి ఉన్నది జగిత్యాల జిల్లాలో. ఓటు మాత్రం నిజామాబాద్ ఎంపీకి. కోరుట్ల, జగిత్యాల అసెంబ్లీ నియోజకవర్గాలు రెండూ ఆ లోక్‌సభ స్థానంలోనివే.

ఢిల్లీ చానళ్లు, విదేశీ పత్రికలు కూడా ఆ పన్నెండు యంత్రాల ఫొటో వేసి ఆశ్చర్యపోయాయి. ఫలితాలు రాగానే మరచిపోయాయి. ఆ పేర్ల వెనక ఏముందో చెప్పాలంటే ఆ ఏడాది పసుపు రైతు చేతికొచ్చిన అమ్మకం పట్టీ చదవాలి.

పట్టీ మీద ఐదు వేలు

2019 మొదట్లో నిజామాబాద్ మార్కెట్‌లో క్వింటాలు పసుపు ఐదారు వేల దగ్గర ఆడింది. రైతులు అడిగింది పసుపుకు 15 వేలు, ఎర్రజొన్నకు 3,500. ఫిబ్రవరిలో ఆర్మూరు దగ్గర జాతీయ రహదారుల మీద బైఠాయించారు. వంటావార్పూ రోడ్ల మీదే సాగాయి. పోలీసులు వచ్చారు, అరెస్టులు జరిగాయి, ధర మాత్రం కదల్లేదు. అప్పుడు ఊరూరా సమావేశాలు పెట్టుకుని ఒక నిర్ణయానికి వచ్చారు. రోడ్డెక్కితే లాఠీ వస్తోంది, బ్యాలెట్ ఎక్కుదాం అని.

ఒక ఊరి నుంచి ఇద్దరు, ఇంకో ఊరి నుంచి ముగ్గురు. నామినేషన్ డిపాజిట్ పాతిక వేలు. పోతుందని తెలిసే కట్టారు. చాలాచోట్ల ఊరే చందాలు వేసుకుంది. గుర్తింపు పొందిన పార్టీ లేని అభ్యర్థికి పదిమంది ఓటర్లు ప్రతిపాదకులుగా సంతకాలు చేయాలి. ఆ సంతకాలూ ఊళ్లలోనే దొరికాయి. చివరికి బరిలో మిగిలిన 185 మందిలో పార్టీల వాళ్లు ఏడుగురు. మిగతా 178 మంది ఇండిపెండెంట్లు.

ఎన్నికల సంఘానికి ఇదో పెద్ద పరీక్ష అయింది. పాత యంత్రాలు ఇంతమందిని మోయలేవు. మొదట కాగితం బ్యాలెట్ గురించి ఆలోచించారు. రైతులు కోరిందీ అదే. తర్వాత ఎం3 రకం ఈవీఎంలు తెప్పించారు. ఒక కంట్రోల్ యూనిట్‌కు ఇరవై నాలుగు బ్యాలెట్ యూనిట్లు, అంటే 384 పేర్ల దాకా తగిలించగల యంత్రాలివి. దేశంలోనే ఇంత పెద్ద సంఖ్యలో ఒక్కచోట వాడి చూడటానికి కారణం పసుపు కొమ్ము.

గెలవడానికి నిలబడ్డవాళ్లు కారు వీళ్లు. గెలిచినవాళ్లకు వినపడటానికి నిలబడ్డారు. ప్రజాస్వామ్యం చేతికిచ్చిన పనిముట్లలో ఓటు ఒక్కటే కాదు, పోటీ కూడా ఉందనీ గుర్తుంచుకున్నవాళ్లు. వాళ్లను వింత మనుషులుగా చూపడం అన్యాయం.

> నల్లగొండ నేర్పిన పాఠం
>
> నిజామాబాద్ రైతులకు ముందు దారి వేసింది నల్లగొండ. ఫ్లోరైడ్ నీళ్లకు ఎముకలు వంగిపోతున్నా ఎవరూ పట్టించుకోవడం లేదని 1996 లోక్‌సభ ఎన్నికల్లో అక్కడ ఏకంగా 480 మంది పోటీ చేశారు. బ్యాలెట్ పత్రం కాస్తా పుస్తకమైంది. అదే ఏడాది కర్ణాటకలోని బెళగావి లోక్‌సభ స్థానంలో 456 మంది, తమిళనాడులోని మొడకురిచి అసెంబ్లీ స్థానంలో 1,033 మంది నిలిచారు.
>
> ప్రభుత్వం ఆ తర్వాత చట్టం మార్చింది. లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్ 500 నుంచి పది వేలకు, తర్వాతి కాలంలో పాతిక వేలకు పెరిగింది. ప్రతిపాదకుల సంఖ్య పదికి పెరిగింది కూడా ఆ చట్టం మార్పుతోనే. నల్లగొండ రైతు నిరసనకు అయిన ఖర్చుకు యాభై రెట్లు పెట్టి నిజామాబాద్ రైతు నిరసన చెప్పాల్సి వచ్చింది.

కాశీకి పోయిన పసుపు

ఏప్రిల్ 11తో ఆగలేదు. ఇక్కడ పోలింగ్ అయిపోగానే యాభై మంది దాకా రైతులు వారణాసికి బయల్దేరారు. ప్రధాని నరేంద్ర మోదీ మీద నామినేషన్ వేయడానికి. భాష రాని ఊరు, తెలియని కార్యాలయాలు. పదిమంది స్థానిక ఓటర్ల సంతకాలు కావాలి. మన ఊళ్లో అరగంట పని, అక్కడ రోజులు పట్టింది. సంతకం పెడతామన్నవాళ్లు వెనక్కి తగ్గారు. పాతిక మంది దాకా ఎలాగోలా నామినేషన్లు వేయగలిగారు. పరిశీలనలో దాదాపు అన్నీ తిరస్కరణకు గురై, నిలిచింది ఒక్కటే.

జాతీయ పత్రికలకు అది చిన్న ముక్క వార్త. మోర్తాడ్, ఏర్గట్ల, మెట్‌పల్లి వైపు మాత్రం ఇంటింటా తెలిసిన కథ.

నిజామాబాద్ ఎన్నికలోనే ఇంకో సంగతి కూడా దేశమంతా తిరిగింది. బీజేపీ అభ్యర్థి ధర్మపురి అర్వింద్ బాండు పేపరు మీద రాసిచ్చారు. గెలిచిన ఐదు రోజుల్లో పసుపు బోర్డు తెస్తానని, తేలేకపోతే రాజీనామా చేస్తానని. అప్పటి ముఖ్యమంత్రి కూతురు, సిటింగ్ ఎంపీ కల్వకుంట్ల కవితను ఆయన 70 వేల పైచిలుకు ఓట్లతో ఓడించారు. ఐదు రోజులు కాదు, నాలుగేళ్లు గడిచాయి. మధ్యలో సుగంధ ద్రవ్యాల బోర్డు ప్రాంతీయ కార్యాలయం ఒకటి వచ్చింది. బోర్డు రాలేదు. 2023 మార్చి చివర్లో నిజామాబాద్ వీధుల్లో రాత్రికి రాత్రి పసుపు రంగు బోర్డులు వెలిశాయి. మా ఎంపీ తెచ్చిన పసుపు బోర్డు ఇదే అని వాటి మీద రాసి ఉంది. ఆ ఫొటోలు కూడా దేశమంతా నవ్వుతూ పంచుకుంది. కడుపు మండినవాడు రాసిన రాత అది.

మోర్తాడ్ ప్రాంతపు రైతు ఒకాయన ఇంకో రకంగా పట్టుబట్టాడు. బోర్డు వచ్చేదాకా చెప్పులు వేసుకోనని 2011లో ఒట్టు పెట్టుకున్నాడు. పసుపు మడిలో బురద, మే నెల రోడ్డు, తిరుపతికి కాలినడక, అన్నీ ఉత్త కాళ్లతోనే. 2023 అక్టోబరు 1న మహబూబ్‌నగర్ సభలో ప్రధాని పసుపు బోర్డు ప్రకటించాక గానీ ఆయన కాళ్లకు చెప్పులు ఎక్కలేదు. తారు కాగే ఎండలో నిజామాబాద్ జిల్లా రోడ్డు మీద పది అడుగులు చెప్పుల్లేకుండా వేసి చూసినవాళ్లకు పన్నెండేళ్లంటే ఏమిటో తెలుస్తుంది.

తొమ్మిది నెలలు మోసే పంట

ఇంత పట్టుదల ఒక్క పంట మీద ఎందుకు? వరి నాలుగు నెలల్లో చేతికొస్తుంది. మక్క కూడా అంతే. పసుపు తొమ్మిది నెలలు నేలలో ఉంటుంది. మిరుగు కార్తెకు వేస్తే శివరాత్రి అటూ ఇటూగా తవ్వుతారు. ఎకరాకు ఎనిమిది నుంచి పది క్వింటాళ్ల విత్తనపు కొమ్ము కావాలి. ఆ ఖర్చు ఒక్కటే చిన్న రైతును అప్పు దగ్గరికి తీసుకెళుతుంది. దుంపకుళ్లు తగిలితే మడికి మడి పసుపు రంగు తిరిగి వాలిపోతుంది. అలా వాలిన పసుపు రంగును ఏ వ్యాపారీ కొనడు.

తవ్విన తర్వాత అసలు పని మొదలవుతుంది. తల్లి దుంపను, పిల్ల కొమ్ములను ఆడవాళ్లు చేత్తో విడదీస్తారు. ఇక్కడి యార్డుల్లో కొమ్మును కాడి అనీ, తల్లి దుంపను గోల అనీ అంటారు. రెండింటి ధరా వేరు. తర్వాత ఉడకబెట్టాలి. ఒకప్పుడు పెద్ద కడాయిల్లో, ఇప్పుడు ట్రాక్టరు వెనక తిరిగే ఆవిరి బాయిలర్లలో. నురగ పైకొచ్చి ఘాటు వాసన వీధంతా కమ్ముకున్నాక పుల్ల గుచ్చి చూస్తారు. మెత్తగా దిగితే సరే. తక్కువ ఉడికితే రంగు రాదు, ఎక్కువ ఉడికితే ముద్దవుతుంది. ఆ తర్వాత రెండు వారాల దాకా కల్లంలో ఎండ. ఆరబోయడం, తిరగేయడం, మబ్బు పడితే పరుగెత్తుకెళ్లి టార్పాలిన్ కప్పడం. గింగిరాలు తిరిగే డ్రమ్ములో పాలిష్ పట్టాక గానీ బస్తాలోకి ఎక్కదు. వంద కిలోల పచ్చి పసుపు తూకం ఇరవై కిలోలకు పడిపోతుంది.

తొమ్మిది నెలలు నేలలో, ఆ మీద నెలకు పైగా కల్లంలో. అంతా అయ్యాక ధర చెప్పేది ఇంకొకడు. మెట్‌పల్లి యార్డులో కొంత, నిజామాబాద్‌లో ఎక్కువ, అక్కడా గిట్టకపోతే లారీ మాట్లాడుకుని మహారాష్ట్రలోని సాంగ్లికి. కేంద్రం మద్దతు ధర ప్రకటించే పంటల జాబితాలో పసుపు లేదు. రైతు పోరాటమంతా ఈ ఒక్క వాక్యం దగ్గరే తిరుగుతోంది.

పసుపు ఒక్కదాని మీదే ఇంత బరువు పడటానికి ఇంకో కారణం మెట్‌పల్లి పక్కనే ఉంది. ముత్యంపేటలోని నిజాం డెక్కన్ షుగర్స్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. బోధన్, మంబోజిపల్లి యూనిట్లు కూడా దాంతోపాటే. చుట్టుపక్కల చెరకు రైతులకు గానుగ లేకుండా పోయింది. చెరకు పోయిన మడుల్లో వరి, మక్క, పసుపు వచ్చాయి. మూడింటిలో నాలుగు రూపాయలు చూపించే ఆశ పసుపుకే ఉంది.

2024లో ఆ ఆశ నిజమైంది కూడా. నిజామాబాద్‌లో క్వింటాలు 18 వేలు దాటింది. ఐదు వేలకు అమ్ముకున్నవాళ్లు ఆ ఏడాది విత్తనం పెంచుకున్నారు. తర్వాతి సీజన్‌కు ధర మళ్లీ దిగింది.

అమెరికా సొంతం చేసుకోబోయిన పసుపు

పసుపు మీద ప్రపంచం కన్ను పడటం కొత్తేమీ కాదు. 1995 మార్చిలో అమెరికాలోని మిసిసిపి విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి ఒక పేటెంట్ దక్కింది. గాయాలు మానడానికి పసుపు వాడకం మీద. సంఖ్య 54,01,504. పరిశోధకులు ఇద్దరూ భారత సంతతివాళ్లే. కొడవలి తెగిన వేలికి చిటికెడు పసుపు అద్ది గుడ్డ కట్టిన అమ్మమ్మ ఏ ఊళ్లో లేదు? ఆ పని ఇక అమెరికాలో ఒకరి హక్కు అయిందన్నమాట.

రఘునాథ్ మషేల్కర్ నాయకత్వంలోని శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలి దీని మీద పోరాడింది. అమ్మమ్మ మాట అక్కడ సాక్ష్యం కాదు. అచ్చయిన ఆధారం కావాలి. సంస్కృతం, హిందీ, ఉర్దూ గ్రంథాల నుంచి, 1953లో వైద్య పత్రికలో వచ్చిన వ్యాసం నుంచి, మొత్తం 32 ఆధారాలు వెతికి సమర్పించారు. 1997 ఆగస్టులో అమెరికా పేటెంట్ కార్యాలయం తన నిర్ణయాన్ని తానే రద్దు చేసుకుంది. ఒక వర్ధమాన దేశం సంప్రదాయ జ్ఞానం ఆధారంగా అమెరికా పేటెంట్‌ను కొట్టేయించిన తొలి ఘట్టాల్లో ఇదొకటి. ఆ అనుభవంతోనే మన దేశం 2001లో సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయం పని మొదలుపెట్టింది.

హక్కు మనకు దక్కింది. ఆ హక్కు పండించినవాడి జేబు దాకా రాలేదు. చూడండి, 2016 నాటికి లండన్, శాన్‌ఫ్రాన్సిస్కో కెఫేల్లో కొత్త మోజు మొదలైంది. పాలల్లో పసుపు కలిపి టర్మరిక్ లాటే అని అమ్మారు. జలుబు చేస్తే మనింట్లో బలవంతంగా తాగించే పసుపు పాలు అక్కడ ఇన్‌స్టాగ్రామ్ అందం అయ్యాయి. బంగారు పాలు అని ముద్దుపేరు. కప్పుకు వందల రూపాయలు. అదే రోజుల్లో ఇక్కడ కాడి ధర నేలచూపులు చూస్తోంది. కరోనా వచ్చినప్పుడు రోగనిరోధక శక్తి పేరుతో పసుపు ఎగుమతులు పెరిగాయి. మందుల దుకాణాల్లో కర్క్యుమిన్ బిళ్లల సీసాలు నిండాయి. శాస్త్రవేత్తలేమో జాగ్రత్తగానే ఉన్నారు. ఔషధ రసాయన శాస్త్ర పత్రికలో 2017లో వచ్చిన ఒక పెద్ద సమీక్ష, కర్క్యుమిన్ మందుగా పనిచేస్తుందని కట్టుదిట్టమైన పరీక్షల్లో ఇంకా తేలలేదని చెప్పింది. ఆ మాట మోజును ఆపలేదు.

మన పెళ్లిళ్లూ మారాయి. ఇంట్లో ముత్తయిదువలు నలుగు పెట్టి మంగళస్నానం చేయించే చిన్న తంతు ఇప్పుడు హల్దీ ఫంక్షన్ అయింది. కోరుట్ల, జగిత్యాల ఫంక్షన్ హాళ్లలో పసుపు పరదాలు, బంతిపూల గోడలు, డ్రోన్ కెమెరా, అందరికీ ఒకే రంగు బట్టలు. వేలల్లో, లక్షల్లో ఖర్చు. పెళ్లికూతురి చెంపకు రాసే అసలు పసుపు ఆ లెక్కలో గుప్పెడు కూడా ఉండదు. పిల్లల సంబరం పిల్లలది, తప్పు పట్టనక్కర్లేదు. పసుపు రంగుకు ఇంత గిరాకీ ఉన్న కాలంలో పసుపు పంటకు లేకపోవడమే బాధ.

> రంగు కోసం విషం
>
> పసుపు ఎంత పచ్చగా మెరిస్తే అంత ధర. ఆ మెరుపు కోసం బంగ్లాదేశ్‌లో కొందరు లెడ్ క్రోమేట్ అనే సీసపు రంగు కలిపారు. అక్కడి గర్భిణుల రక్తంలోని సీసానికి ఈ పసుపే ప్రధాన కారణమని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు, బంగ్లాదేశ్‌లోని అతిసార పరిశోధన కేంద్రం కలిసి 2019లో తేల్చారు. ఆ దేశం మార్కెట్ల మీద దాడులు చేసింది, జరిమానాలు వేసింది, ప్రచారం చేసింది. 2019లో పరీక్షించిన నమూనాల్లో 47 శాతంలో సీసం ఉంటే, 2021 నాటికి అది సున్నాకు వచ్చింది. గట్టిగా అనుకుంటే ప్రభుత్వం రెండేళ్లలో ఏం చేయగలదో పొరుగు దేశం చూపించింది.

కొడుకు, కొమ్ము ఒకే దారిన

మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల. ఈ నాలుగు ఊళ్ల చుట్టూ ఏ పల్లెకు వెళ్లినా ప్రపంచ రాజకీయాలు ఇంటి సంగతులే. అప్పు చేసి పసుపు వేసిన తండ్రి, ఆ అప్పు తీర్చడానికి దుబాయో మస్కటో వెళ్లిన కొడుకు. పంటకు ధర పలకని ఏడాది వీసా ఏజెంటుకు గిరాకీ పెరుగుతుంది. గల్ఫ్ నుంచి వచ్చిన డబ్బుతో మళ్లీ విత్తనపు కొమ్ము కొంటారు. ఈ చక్రం రెండు తరాలుగా తిరుగుతూనే ఉంది.

1990 ఆగస్టులో సద్దాం హుస్సేన్ సైన్యం కువైట్‌లోకి దిగినప్పుడు లక్షా డెబ్బై వేల మందికి పైగా భారతీయులను ఎయిరిండియా విమానాలు జోర్డాన్ రాజధాని అమ్మాన్ మీదుగా వెనక్కి తెచ్చాయి. ఆ వార్త ఈ పల్లెలకు పేపరు కన్నా ముందు తిరిగొచ్చిన మనుషులతోనే చేరింది. 2023 అక్టోబరులో ఇజ్రాయెల్ మీద హమాస్ దాడి జరిగిన రోజు ఇక్కడి ఇళ్లు ఫోన్లకు అతుక్కుపోయాయి. నిజామాబాద్, జగిత్యాల జిల్లాల మనుషులు ఇజ్రాయెల్‌లో ముసలివాళ్లకు సేవ చేసే పనుల్లో ఉన్నారు. 2025 జూన్‌లో ఇరాన్, ఇజ్రాయెల్ పన్నెండు రోజులు క్షిపణులు విసురుకున్నప్పుడు, జగిత్యాలకు చెందిన ఓ కార్మికుడు టెల్ అవీవ్ ఆసుపత్రిలో గుండెపోటుతో చనిపోయాడు. టీవీలో యుద్ధ విశ్లేషకులు క్షిపణుల బరువు చెబుతున్న గంటలో, ఇక్కడ ఒక ఇల్లు శవపేటిక ఎప్పుడొస్తుందని అధికారుల చుట్టూ తిరుగుతోంది.

ఇంకో సంగతి తక్కువ మంది గమనిస్తారు. మనిషి వెళ్లిన దేశాల్లో కొన్నింటికి పంట కూడా వెళుతోంది. మన పసుపు ఎక్కువగా కొనేది బంగ్లాదేశ్, యూఏఈ, అమెరికా, మలేసియా. 2024 ఆగస్టు 5న బంగ్లాదేశ్ ప్రధాని షేక్ హసీనా ఢాకా వదిలి భారత్‌కు వచ్చినప్పుడు అది మనకు విదేశీ వార్త. ఎగుమతి వ్యాపారికి మాత్రం సరిహద్దులో ఆగే లారీ, రావాల్సిన బాకీ. 2025 ఆగస్టులో డొనాల్డ్ ట్రంప్ మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి చేర్చారు. నవంబరులో అమెరికాలో కిరాణా ధరలు భగ్గుమంటుంటే కాఫీ, టీ, కొన్ని మసాలా దినుసులకు మినహాయింపు ఇచ్చారు. రెండు నిర్ణయాలూ వాషింగ్టన్‌వే. రెండింటి గాలీ యార్డు దాకా వీస్తుంది. బస్తా దగ్గర నిలబడ్డ రైతుకు ఎందుకు తగ్గిందో, ఎందుకు పెరిగిందో చెప్పేవాడు లేడు. బోర్డు కావాలని అడగడానికి ఇదొక బలమైన కారణం.

> ఇరుగుపొరుగు వార్తలు
>
> సిరిసిల్ల నేతన్న వెల్ది హరిప్రసాద్ జీ20 చిహ్నాన్ని మగ్గం మీద నేసి ప్రధానికి పంపారు. 2022 నవంబరు మన్ కీ బాత్‌లో ఆయన పేరు దేశమంతా వినిపించింది. అదే పట్టణంలో నల్ల విజయ్ అగ్గిపెట్టెలో పట్టే చీర నేశారు. ఇలాంటి చేతులున్న ఊళ్లో వేల మరమగ్గాలు కొన్నేళ్లపాటు ప్రభుత్వ బతుకమ్మ చీరల ఆర్డరు మీదే బతికాయి. ఆర్డరు ఆగితే మగ్గం చప్పుడు ఆగేది.
>
> జగిత్యాల జిల్లా మల్యాల మండలం లంబాడిపల్లి గంగవ్వ కూలి పనులు చేస్తూ, బీడీలు చుడుతూ బతికిన మనిషి. పెద్దగా చదువుకోలేదు. మై విలేజ్ షో వీడియోలతో యాభై దాటాక తెలుగువాళ్లున్న ప్రతి దేశంలో తెలిసిపోయింది. 2020లో బిగ్‌బాస్ ఇంటికి వెళ్లింది. ఆమె నోటి మాట చూసి నవ్వుకున్నవాళ్లలో చాలామంది గల్ఫ్ క్యాంపుల్లో రాత్రి డ్యూటీ ముగించుకున్న మనవాళ్లే.

బోర్డు వచ్చింది, పని మిగిలింది

2023 అక్టోబరు మొదటి వారంలో జాతీయ పసుపు బోర్డు నోటిఫికేషన్ వెలువడింది. 2025 సంక్రాంతి రోజున, జనవరి 14న, కేంద్ర మంత్రి పీయూష్ గోయల్ ఢిల్లీ నుంచి వర్చువల్‌గా దాన్ని ప్రారంభించారు. ఆర్మూరు ప్రాంతానికి చెందిన పల్లె గంగారెడ్డి తొలి చైర్మన్ అయ్యారు. జూన్ 29న హోం మంత్రి అమిత్ షా నిజామాబాద్‌లో కార్యాలయం ప్రారంభించారు. ఎవరు తెచ్చారన్న గొడవ పార్టీల మధ్య ఇప్పటికీ నడుస్తూనే ఉంది. న్యాయంగా చూస్తే ఆ పేరు డిపాజిట్ పోగొట్టుకున్నవాళ్లది, రోడ్ల మీద బైఠాయించినవాళ్లది, పన్నెండేళ్లు ఉత్త కాళ్లతో నడిచిన ఆ ఒక్కడిది.

ఇప్పుడు మెట్‌పల్లి టీ కొట్ల దగ్గర మాట మారింది. "బోర్డయితే వచ్చింది, ధరెప్పుడొస్తది?" అన్న ప్రశ్న ఏ బెంచీ మీద కూర్చున్నా వినిపిస్తుంది. ఇక్కడ ఒక సంగతి సూటిగా చెప్పుకోవాలి. బోర్డుకు ధర కట్టే అధికారం లేదు. కొత్త ఉత్పత్తులు, పరిశోధన, ఎగుమతి, నాణ్యత, రైతు శిక్షణ దాని పనులు. మద్దతు ధర ఇవ్వాలంటే కేంద్ర మంత్రివర్గమే నిర్ణయించాలి. బోర్డు వచ్చింది కాబట్టి ఇక ధర అడగొద్దని ఎవరైనా అంటే అది రైతును రెండోసారి మోసం చేయడమే.

బోర్డు చేయగలిగినవీ తక్కువేం కాదు. 2022–23లో మన దేశం 3.24 లక్షల హెక్టార్లలో 11.61 లక్షల టన్నుల పసుపు పండించింది. ప్రపంచ పంటలో ఇది 75 శాతం పైమాటే. ఎగుమతి అయింది లక్షా 53 వేల టన్నులు, దాని విలువ సుమారు 20.7 కోట్ల డాలర్లు. 2030 నాటికి వంద కోట్ల డాలర్లకు చేర్చాలని కేంద్రం లక్ష్యం పెట్టుకుంది. ఎక్కువ కొమ్ములు పండించినంత మాత్రాన విలువ ఐదింతలు కాదు. కొమ్ము నుంచి పొడి, నూనె, కర్క్యుమిన్ తీసే పని ఎక్కడ జరుగుతుందన్న దాని మీద ఆ లెక్క ఆధారపడుతుంది. ఇన్నాళ్లూ ఎక్కువగా అది ఇక్కడ జరగలేదు. కొమ్ము బస్తాలో ఊరు దాటింది, లాభం ఊరు దాటాక పుట్టింది.

కర్క్యుమిన్ సంగతే తీసుకోండి. మేఘాలయ లకడాంగ్ పసుపులో అది ఏడు శాతం దాటుతుంది. మన దగ్గరి చాలా రకాల్లో అందులో సగం కూడా కష్టమే. కమ్మర్‌పల్లిలోని పసుపు పరిశోధన కేంద్రం మెట్‌పల్లి నుంచి ఆర్మూరు వెళ్లే జాతీయ రహదారి మీదే ఉంది. కోజికోడ్ శాస్త్రవేత్తలు రూపొందించిన ప్రగతి లాంటి ఆరు నెలల రకాలు వచ్చాయి. తొమ్మిది నెలలు ఆగలేని రైతుకు మూడు నెలలు మిగలడమంటే ఇంకో పంట. ఆ విత్తనం అందరికీ చేరాలి, నకిలీ కాకుండా చేరాలి.

అన్నిటికన్నా ముందు కావాల్సింది యార్డు గేటు దగ్గరే ఉంది. ఇప్పటికీ వ్యాపారి బస్తాలో చేయి పెట్టి, ఒక కొమ్ము విరిచి, లోపలి రంగు చూసి ధర చెబుతాడు. విరిచిన కొమ్ములో ఆయనకు కనిపించిందేమిటో రైతుకు తెలియదు. కర్క్యుమిన్ శాతం, తేమ శాతం కొలిచే యంత్రాలు బోర్డు డబ్బుతో నిజామాబాద్, మెట్‌పల్లి యార్డులు రెండింటిలో పెట్టొచ్చు. బస్తా దిగగానే పరీక్ష చేసి, అంకెలతో ఒక చీటీ రైతు చేతికివ్వాలి. సాంగ్లిలో, ఈరోడ్‌లో, దుగ్గిరాలలో ఆ పొద్దున పలికిన ధరలు ఆ చీటీ మీదే అచ్చు వేయాలి. వచ్చే శివరాత్రికి కల్లంలోంచి బస్తాలు కదిలేలోగా ఈ ఒక్క పని పూర్తిచేయడానికి కొత్త చట్టమూ అక్కర్లేదు, ఇంకో ఎన్నికా అక్కర్లేదు.